షుగర్ గోళీలకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పల్లె దవాఖానల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ గోళీలు ఉచితంగా ఇవ్వడం ఎంతో మేలైన పని. అది ఆగకూడదు. కానీ షుగర్‌ను దించే గోళీలన్నీ ఒకే తీరుగా పనిచేయవు, వాటి ప్రమాదాలూ ఒకటి కావు. వరంగల్ ప్రాంతంలో వైద్యులుగా, ఫార్మసిస్టులుగా పనిచేస్తున్న మేము ఈ తేడా గురించి, గోళీలకు ముందు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష అవసరం గురించి రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు తొలగించాల్సింది, ఎక్కడైనా ఇంకా ఇస్తుంటే, గ్లిబెన్‌క్లమైడ్. ఇది ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. ఒంట్లో అది విడిపోయాక మిగిలే పదార్థాలకూ షుగర్‌ను దించే గుణం ఉంటుంది, అవి కొంతవరకు కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. కిడ్నీలు మందగించిన ముసలివాళ్లలో అవి పేరుకుపోయి షుగర్ పడిపోతుంది. అరవై దాటినవారికి ఇది తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనే ఉంది. అదే కోవలోని గ్లిక్లజైడ్‌తో ఆ ముప్పు తక్కువ. గ్లిమెపిరైడ్ కూడా ఒక మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, తినే ముందే వేసుకోవాలి. పొద్దున గోళీ మింగి పత్తి ఏరడానికి పోయి మధ్యాహ్నం దాకా ముద్ద ముట్టని మనిషికి, ఒక్కపొద్దు ఉండే ఆడవాళ్లకు, రంజాన్ ఉపవాసాలకు మోతాదు, వేళ మార్చి చెప్పేవాళ్లు కావాలి. ఈ కోవ గోళీలు వాడేవారికి సిప్రోఫ్లోక్సాసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) వంటివి తోడైనా షుగర్ పడిపోవచ్చు.

చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపించి షుగర్ 70 కంటే తగ్గితే, స్పృహ ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నారని ఇంటికి పంపితే రాత్రికి మళ్లీ షుగర్ పడిపోవచ్చు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ కోవ మందులైతే కనీసం 24 గంటలు కనిపెట్టుకొని ఉండాలి.

మెట్‌ఫార్మిన్ ఒంటరిగా వాడితే షుగర్ అంతగా పడిపోదు, మొదటి మందుగా అదే సరైనది. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అన్నంతోపాటు ఇస్తే విరేచనాలు తగ్గుతాయి. అయితే ఇజిఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో క్రియాటినిన్ నుంచి కట్టే లెక్క) 30 కంటే తగ్గితే ఆపేయాలి, 30–45 మధ్య కొత్తగా మొదలుపెట్టకూడదు. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కొచ్చు. అది షుగర్ వల్లేననుకొని వదిలేస్తున్నారు.

పయోగ్లిటజోన్ అనే మరో షుగర్ గోళీని 2013లో కేంద్రం కొన్ని వారాలు నిలిపి, హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది. గుండె వైఫల్యం ఉన్నవారికి అది ఇవ్వకూడదు. డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోళీ గుండెకు, కిడ్నీలకు మేలు చేస్తుంది, ధరా దిగింది. కానీ మూత్రం దగ్గర ఫంగస్ సోకొచ్చు, మా ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గొచ్చు. వాంతులు, విరేచనాలు అయితే ఆపాలని, ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందే ఆపాలని చెప్పి ఇవ్వాలి.

అందుకే కోరుతున్నాం: షుగర్ గోళీలు వాడే ప్రతి ఒక్కరికీ మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఏడాదికోసారి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మూడు నెలలకోసారి క్రియాటినిన్ చేసి, ఇజిఎఫ్ఆర్‌ను షుగర్ కార్డుపై రాయించండి. గ్లిబెన్‌క్లమైడ్ కొనుగోలు ఆపి గ్లిక్లజైడ్ అందించండి. గోళీల కవరుపై ఎప్పుడు, తిన్నాకా తినకముందా అన్నది పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించండి. ఆశా కార్యకర్తల దగ్గర షుగర్ మీటరు, దాని స్ట్రిప్పులు అయిపోకుండా చూడండి.

ఇట్లు,
వరంగల్ ప్రాంత వైద్యులు, ఫార్మసిస్టులు