మాత్ర ఇస్తున్నాం, మట్టి సంగతేంటి?

సంపాదకుడు గారికి,

నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఫిబ్రవరిలో, ఆగస్టులో మా బడిలో నులిపురుగుల మాత్రలు పంచేది నేనే. భోజనాలయ్యాక పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరూ ఆల్బెండజోల్ నమిలి మింగేదాకా ఎదురుగానే ఉంటాం. 2015లో మొదలైన ఈ కార్యక్రమం మంచిది, ఆగకూడదు. కానీ ఆ మాత్ర అప్పటికే కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుందే తప్ప, రేపు కొత్తగా చేరేవాటిని ఆపలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు పొద్దున్నే బడికి వెళ్తుంటే కాలవ గట్టు మీద సెప్టిక్ ట్యాంకు లారీ ఆగి ఉంది. పైపు కిందికి వదిలి, ట్యాంకులో ఉన్నదంతా పక్క చేలోకి పోసేసి వెళ్లిపోయింది. ఆ చేను చివర కొత్తిమీర మడులున్నాయి. కొత్తిమీర మనం పచ్చిగానే చల్లుకుంటాం. పైగా మా పిల్లలు కొందరు చెప్పుల్లేకుండా బడికొచ్చే దారి అదే.

నులిపురుగుల్లో ఒక రకమైన ఏలికపాము ఆడది రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. మలంతో బయటపడ్డ గుడ్డు వెంటనే అంటుకోదు. తడి మట్టిలో రెండు మూడు వారాలుండి, లోపల పిల్ల తయారయ్యాకే ప్రమాదం. తర్వాత ఏళ్ల తరబడి బతకగలదు. గోళ్లలో మట్టి చాలు, సరిగా కడగని ఆకుకూర చాలు. ఇంకో రకం కొంకిపురుగు (హుక్‌వార్మ్). దానికి నోట్లోకి వెళ్లాల్సిన పనీ లేదు. దాని పిల్లలు తడి నేల మీంచి అరికాలి చర్మంలోకి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు, అక్కణ్ణుంచి గొంతు మీదుగా పేగులోకి చేరి రక్తం తాగుతాయి. పాలిపోయిన ఆడపిల్లలకు మేము ఐరన్ మాత్రలు కూడా ఇస్తున్నాం. నులిపురుగుల మాత్రలు పందొమ్మిదేళ్ల లోపువాళ్లకే. బురదలో నాట్లేసే వాళ్ల అమ్మలు ఆ లెక్కలో లేరు.

ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టాం. నిండాక ఏం చేయాలన్నది మాత్రం వదిలేశాం. రెండు గుంతల మరుగుదొడ్డి అయితే నిండిన గుంతను మూసి ఏడాదిపైన వదిలేస్తే ఎరువవుతుంది. ఒకే ట్యాంకు ఉన్నవాళ్లకు లారీయే గతి. డ్రైవర్ని అడిగితే "దగ్గర్లో పోసే చోటే లేదు మేడం" అన్నాడు. అతన్ని తిట్టి ఏం లాభం?

మండలానికొక మల శుద్ధి కేంద్రం కావాలి. లారీలన్నీ పంచాయతీలో నమోదు కావాలి. ఎక్కడ పోశారో రసీదు చూపాకే డబ్బులివ్వాలి. ఆగస్టులో మళ్లీ మాత్రలు పంచేలోపు మా మండలంలోనైనా ఇది మొదలుపెట్టాలని జిల్లా అధికారులను వేడుకుంటున్నాను.

ఒక ఉపాధ్యాయురాలు
పల్నాడు జిల్లా