రెండోసారి బయటికి వచ్చినప్పుడు నన్ను నిలబెట్టిన వారికి

చంచల్‌గూడ మహిళా జైలు నుంచి నేను రెండుసార్లు విడుదలయ్యాను. మొదటిసారి గేటు దగ్గర నా కోసం ఎవరూ లేరు. దేవరకొండ బస్సు మాల్ ఊరు దాటేసరికే కడుపులో దడ మొదలైంది. ఊళ్లో ఏ గడపా ఎక్కనివ్వలేదు. నాలుగు నెలలు తిరగకుండా మళ్లీ ఒకామె మెడలో గొలుసు తెంపి దొరికిపోయాను. ఆకలి మీదికి నెట్టను, తప్పు నాదే.

ఈసారి శిక్ష పడింది. పడినా, నా తరఫున వాదించిన లాయరుగారికి ముందుగా దండం. పైసా తీసుకోలేదు. ఆడవాళ్లకూ జైల్లో ఉన్నవాళ్లకూ ఆదాయం ఎంతని అడగకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉందట. మొదటి కేసప్పుడు ఈ ముక్క తెలియక చెవికమ్మలు అమ్ముకున్నాను.

లోపల నాకు కుట్టు నేర్పింది సర్కారు జీతం తీసుకునే టీచరు కాదు, యావజ్జీవ శిక్ష పడిన ఒక పెద్దామె. పేరు రాయను, ఇంకా లోపలే ఉంది. చంక దగ్గర కత్తిరింపు తప్పితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. ఆ దెబ్బలకే చేయి కుదిరింది. జైల్లో చేసిన పనికి జమ అయిన కూలితో పాత మిషను కొనుక్కున్నాను.

మిషను ఉంటే సరిపోతుందా? బట్ట ఇచ్చేవారు కావాలి కదా. మా ఊరి మహిళా సంఘం లీడరు అక్క గేటు దగ్గరికే వచ్చింది. తన పశువుల కొట్టం పక్క గది ఇచ్చింది. నన్ను సంఘంలో చేర్చుకుంటామంటే ఇద్దరు అలిగి లేచిపోయారట. వాళ్ల చోట నేనున్నా లేచేదాన్నేమో. తర్వాత బడి పిల్లల యూనిఫాంల కుట్టుపని సంఘానికి వస్తే నాకూ వాటా పంచారు. లేచిపోయిన ఇద్దరిలో ఒకామె ఇప్పుడు నా పక్కనే కూర్చుని కాజాలు కుడుతోంది.

మొదటి జాకెట్టు అక్కదే. తొడిగి చూసుకుంటానని మెడలో గొలుసు తీసి మిషను మీద పెట్టి లోపలికి వెళ్లింది. నేను సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. నాలుగుసార్లు ఎక్కలేదు. బయటికి వచ్చి, "భుజం కొంచెం పట్టేసింది, విప్పి కుట్టు" అని మాత్రమే అంది. గొలుసు ఆ సాయంత్రం దాకా అక్కడే ఉంది.

అక్కా, నీకు శతకోటి దండాలు. భుజం వదులు చేశాను, వచ్చి తీసుకుపో.