ఆ బురదను నీళ్ళతో నింపొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పక్షుల రక్షిత ప్రాంతానికి వెళ్తే నీళ్ళు లేవు, అంతా బురదే, పిల్లలు డల్ అయిపోయారు, కాబట్టి అక్కడ ఏడాది పొడవునా నిండుగా నీళ్ళు ఉంచాలి అని మొన్న మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఇలాగే విసుక్కున్నాను. లెక్కల టీచర్‌గా రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న బైనాక్యులర్స్ దండగ అనుకుంటూ వెనక్కి తిరిగాను.

నన్ను ఆపింది అక్కడి వాచర్. గట్టు దిగి గుప్పెడు బురద తీసి అరచేతిలో పలచగా పరిచాడు. ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఎర్రదారం ముక్కల్లాంటి సన్నటి పురుగులు మెలికలు తిరగడం కనిపించింది. "ఇదే సార్ వాటి భోజనం" అన్నాడు. తలెత్తి చూస్తే, ఖాళీ అనుకున్న బురదంతా కదులుతోంది! పిచ్చుకంత స్టింట్ పిట్టలు, అచ్చం బురద రంగులోనే, ఎన్నో లెక్కపెట్టలేనన్ని. తల ఎత్తితే ఒట్టు.

స్టింట్‌కు తడి బురద చాలు. గాడ్విట్ కాస్త లోతుకు వెళ్ళి పొడవాటి ముక్కు దించుతుంది. కొన్ని బాతులకు తలకిందులైతే అడుగు అందాలి. గూడబాతుకైతే చేపలుండే నీళ్ళే కావాలి. నీరు మెల్లగా తగ్గుతుంటే అన్నిటికీ వంతు వస్తుంది. ఎప్పుడూ నిండుగా ఉంటే పొట్టికాళ్ళ పిట్టలు వాలేది ఎక్కడ?

చలికాలం అయిపోగానే స్టింట్‌లు గుడ్లు పెట్టడానికి ఆర్కిటిక్ దాకా ఎగరాలి. దారిఖర్చుకు ఈ బురదలో తిని ఒంట్లో పోగేసుకున్న కొవ్వే ఆధారం. 2022లో ట్యాగ్ కట్టిన ఒక గాడ్విట్, ఐదు నెలల పిల్ల, అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా వాలకుండా వెళ్ళింది. రోజుకు 1,200 పైనే. పాత అలవాటు, మళ్ళీ లెక్క కట్టి చూశాను, నిజమే.

చిత్తడి నేలల రక్షణ కోసం దేశాలు 1971లో చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కూడా ఎప్పుడూ నీళ్ళుండే చోట్లనే కాదు, కొన్నాళ్ళే నీరు నిలిచేవాటినీ చిత్తడి నేలలుగానే లెక్కించింది. నీళ్ళొచ్చే కాలువను ఎవరైనా మూసేసి ఎండగడితే అది వేరే సంగతి. అప్పుడు ఆ పాఠకుడితో పాటు ఫిర్యాదు మీద నేనూ సంతకం పెడతాను.

అసలు తప్పు గేటు దగ్గరి బోర్డుది. టైమింగ్స్ ఉన్నాయి, జరిమానాలు ఉన్నాయి. ఈ వారం నీరెంత ఉంది, ఏ పిట్టలు వచ్చాయి అని సుద్దముక్కతో రెండు లైన్లు రాస్తే ఎవరికీ నిరాశ ఉండదు. అలాగే, ఎగిరితే ఫొటో బాగుంటుందని మట్టిబెడ్డలు విసిరేవాళ్ళను ఆపాలి. గుంపంతా లేచి మళ్ళీ దిగేసరికి తిన్నదాంట్లో కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

ఆ పాఠకుడికి ఒక మనవి. పిల్లలతో మరోసారి వెళ్ళండి. పొద్దున్నే, ఎండ వీపు మీద పడేలా కూర్చుని, ఒకే చోట పది నిమిషాలు చూడండి. బైనాక్యులర్స్ లేకపోతే నావి ఇస్తాను.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు