క్వాడ్ బైక్ టూర్లకు కొన్ని నియమాలు పెట్టండి సార్

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

పోయిన నెల మా అమ్మాయితో కలిసి తాటిపూడి దగ్గర కొండల కింద క్వాడ్ బైక్ (మట్టి దారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) టూరుకి వెళ్లాను. ముందు గైడు, వెనక మా మూడు బండ్లు. మామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారి, చెట్ల సందుల్లోంచి మెరిసే రిజర్వాయర్ నీళ్లు. ఇలాంటివి మన జిల్లాకి రావాలి సార్, కుర్రాళ్లకు పని దొరుకుతుంది.

కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంచాలని మాకెవరూ చెప్పలేదు. ఈ బండికి ఎక్సలేటర్ బొటనవేలితో నొక్కాలి. కంగారులో ఆ వేలు ఇంకా బిగుసుకుంటుంది. మా అమ్మాయికి అదే జరిగింది. ముందు చక్రాలు గట్టు మీదకి లేచి బండి పక్కకు ఒరిగింది. హెల్మెట్ బకిల్ విరిగిపోయి ఉంటే చున్నీతో కట్టుకుంది. దేవుడి దయవల్ల మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. తనకి 14 ఏళ్లు. వయసు వాళ్లూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. పెద్ద ఇంజన్ బండ్లు 16 ఏళ్లలోపు పిల్లలకు వద్దని తయారీ కంపెనీలే చెబుతాయని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో గైడు అడ్డదారని చోడి (రాగి) చేను అంచు మీదుగా తీసుకెళ్లాడు. ఆ లావు టైర్ల కింద రెండు సాళ్లు అణిగిపోయాయి. చేనుగల ముసలమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వంగి, మొక్కల్ని ఒక్కొక్కటిగా నిలబెట్టుకుంటోంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

టూర్లు ఆపమనడం లేదు. దారి ఏదో ఊరివాళ్లతో మాట్లాడి ఖరారు చేయించండి. చదును నేల మీద పావుగంట నేర్పాకే కొండ వైపు పంపించాలి. వరుస చివర కూడా ఒక గైడు ఉండాలి. ఆ రోజు నేనెంత అరిచినా ఇంజన్ల మోతలో ముందున్నాయనకి వినపడలేదు.

ఇట్లు,
గజపతినగరం నుంచి ఒక తండ్రి