పరిహారపు పరిమితి: కౌన్సిల్ ముందు ఉన్నవి రెండు ప్రశ్నలు

అయ్యా,

లీగ్ ఆఫ్ మిన్నెసోటా సిటీస్ ఇన్సూరెన్స్ ట్రస్ట్ నుంచి లయబిలిటీ కవరేజీ (నగరం తప్పు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) తీసుకునే ప్రతి నగరం ఏటా ఒక ఫారం నింపాలి. చట్టం తనకిచ్చిన పరిహారపు పరిమితిని నగరం వదులుకుంటోందా, లేదా అన్నదే అందులో ప్రశ్న. మామూలు కవరేజీకి పైన ఎక్సెస్ కవరేజీ, అంటే అదనపు బీమా, కొనాలా అన్నది రెండో ప్రశ్న. నిర్ణయం సిటీ కౌన్సిల్‌దే. కవరేజీ మొదలయ్యే తేదీకి ముందే ఫారం ట్రస్ట్‌కు చేరాలి. ఇలాంటి అంశాలు కన్సెంట్ అజెండాలో (చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదించే జాబితాలో) మామూలు బిల్లుల పక్కన చేరితే ఎవరూ నోరు విప్పకుండానే ఆమోదం పొందుతాయి. నిరుడు టిక్కు పెట్టిన గడిలోనే ఈ ఏడూ పెట్టేస్తారు. ఈ నగరాల్లో ఇళ్లు కొనుక్కుని పన్నులు కడుతున్న తెలుగువాళ్లు ఆ గడి వెనక ఏముందో చూడాలి.

రాష్ట్ర చట్టంలోని 466.04 సెక్షన్ ప్రకారం నగరం తప్పు వల్ల ఒక మనిషికి ఎంత నష్టం జరిగినా ఇవ్వాల్సింది 5 లక్షల డాలర్లకు మించదు. ఒక ఘటనలో ఎంతమంది గాయపడినా మొత్తం 15 లక్షలే. ఈ అంకెలు 2009 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆసుపత్రి ఖర్చులు మాత్రం అక్కడే ఆగలేదు.

నగరానికి చెందిన ట్రక్కు ఎర్ర సిగ్నల్ దాటి కారును గుద్దిందనుకుందాం. కారు డ్రైవరు నష్టం 9 లక్షలు, కారులోని మిగతా ముగ్గురిదీ తలా 4 లక్షలు, వెరసి 21 లక్షలు. నగరం పరిమితిని వదులుకోకపోతే డ్రైవరు వాటా ముందే 5 లక్షలకు పడిపోతుంది. అయినా లెక్క 17 లక్షలు తేలుతుంది కనుక, 15 లక్షల్నే నలుగురికీ సర్దమని జిల్లా కోర్టుకు వెళ్లాలి. తగ్గిన 6 లక్షలూ గాయపడినవాళ్ల నెత్తినే పడతాయి. పరిమితిని వదులుకుని అదనపు కవరేజీ కొనకపోతే ట్రస్ట్ ఇచ్చే గరిష్ఠం 20 లక్షలు, అంటే లోటు ఒక లక్ష. వదులుకోవడంతో పాటు మరో 10 లక్షల ఎక్సెస్ కవరేజీ కొంటే నలుగురికీ పూర్తిగా అందుతుంది. ఇందుకు ప్రీమియం కొంత పెరుగుతుంది, నిజమే. అది ఊరంతా పంచుకునే ఖర్చు. ఆ 6 లక్షల లోటును నలుగురు మనుషులే మోయాలి.

ఎక్కువగా గందరగోళం ఎక్సెస్ కవరేజీ దగ్గరే. అది కొంటే పరిమితి దానంతటదే పెరుగుతుందనుకుంటారు. ప్రైవేటు కంపెనీ పాలసీ అయితే 466.06 సెక్షన్ ప్రకారం, చట్టం పరిమితిని పాలసీ ఎంత మేర మించితే అంత మేర నగరం దాన్ని వదులుకున్నట్టే. ట్రస్ట్ మాత్రం నగరాలు కలిసి పెట్టుకున్న పూల్, అంటే ఉమ్మడి నిధి. అక్కడ ఎక్సెస్ కొన్నా, ఫారంలో వదులుకుంటున్నట్టు రాస్తే తప్ప పరిమితి కదలదు.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదకరం: "పరిమితిని వదులుకోలేదు కదా, ఎక్సెస్ ఎందుకు?" అనుకోవడం. ఫెడరల్ పౌరహక్కుల చట్టం కింద వేసే దావాలకు రాష్ట్రం పెట్టిన ఈ పరిమితి వర్తించదు. పోలీసుల మీద వచ్చే పెద్ద కేసులు చాలావరకు అవే. జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబంతో 2021 మార్చిలో మినియాపొలిస్ 2 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఒప్పందంలో నగరం తనంతట తాను తలకెత్తుకున్న బాధ్యతకూ పరిమితి అడ్డు రాదు. ఫైరింజన్ పొరుగు రాష్ట్రానికి సాయం వెళ్లి అక్కడ ప్రమాదం చేస్తే ఆ రాష్ట్ర చట్టమే వర్తించవచ్చు. కాబట్టి పరిమితిని వదులుకోని నగరానికి కూడా ఎక్సెస్ అవసరమే.

పరిమితి చాలకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. ఆ వంతెన రాష్ట్రానిది. అప్పట్లో రాష్ట్రం బాధ్యత ఒక ఘటనకు 10 లక్షలే. చివరికి 2008లో శాసనసభ ప్రత్యేక నిధి పెట్టి 3.6 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. ఒక చిన్న పట్టణంలో బాధితుడికి అలా చట్టం చేసి పెట్టేదెవరు?

అందుకని మా కోరిక ఇది. రెన్యువల్‌కు కనీసం రెండు నెలల ముందు ఈ అంశాన్ని కన్సెంట్ అజెండా నుంచి బయటికి తీయాలి. వదులుకుంటే ప్రీమియం ఎంత, వదులుకోకపోతే ఎంత, 10 లక్షల ఎక్సెస్‌కు ఎంత అన్నది ఏజెంటు నుంచి రాతపూర్వకంగా తెప్పించాలి. నగరం సంతకం చేసిన ఒప్పందాల్లో ఎంత కవరేజీ అడిగారో సిటీ అటార్నీ చూసి చెప్పాలి. పరిమితిపై ఒక ఓటు, ఎక్సెస్‌పై మరో ఓటు విడివిడిగా వేసి, కారణంతో సహా మినిట్స్‌లో రాయాలి.

— మున్సిపల్ బీమా వ్యవహారాలు తెలిసిన పాఠకులు, మిన్నెసోటా