శీనుకి, మన ట్రక్కుల పోటీ గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పాపకి జ్వరం తగ్గిందా? చెల్లెమ్మని అడిగినట్టు చెప్పు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు మామూలే.

మన పోటీకి, అదే, తలా ఒక దేశం, ఒక ఏడాది తీసుకుని అప్పుడు అక్కడ దొరికే సామానుతోనే లేని ట్రక్కుని ఊహించి గీసే పోటీకి, నువ్వు పంపిన బొమ్మ అందింది. గీతకి వంక పెట్టను, నీ చెయ్యి కాలేజీ రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉంది. కానీ అది 1966 నాటి అమెరికన్ ఫోర్‌వీల్ ట్రక్కు అంటే మాత్రం ఒప్పుకోను. ముందు అద్దం నున్నగా వంపు తిరిగింది. చక్రాలు ఇరవై అంగుళాలు, వాటి చుట్టూ టైరు చపాతీ మందాన ఉంది. లైట్లు చూస్తే సన్నటి చీలికలు. ఒంటికి ఇసుక రంగు వేసి, బంపర్ మీద కాస్త తుప్పు పూసినంత మాత్రాన పాత బండి అయిపోతుందా? జడ్జి ఎవరో మర్చిపోయావా? రమణ వాళ్ళ బాబాయిగారు. ఆయన జీవితమంతా జీపుల కింద పడుకుని గడిపిన మనిషి. నీ బొమ్మ చూసి "ఇది ఏ ఊరి షోరూంలోది బాబూ?" అంటారు, అంతే.

ముందు లైట్ల సంగతి చెప్తాను. అమెరికాలో 1940 నుంచీ సీల్డ్ బీమ్ లైట్లే పెట్టాలి, అంటే అద్దం, ఫిలమెంటు, రిఫ్లెక్టరు కలిపి ఒకే ముక్కగా మూసేసినవి. అవి గుండ్రంగానే ఉండాలి, సైజు కూడా వాళ్ళే చెప్పారు. నలుచదరపు లైట్లకి ఒప్పుకున్నది 1970ల మధ్యలో. అంటే నీ కంపెనీ ఎంత గొప్పదైనా 1966లో ఆ చీలిక లైట్లతో బండి రోడ్డెక్కదు. ఆ కాలం ట్రక్కులన్నీ గుండ్రటి కళ్ళేసుకుని అమాయకంగా చూస్తాయి చూడు, దానికి కారణం ఇదే. డిజైనర్లందరికీ ఒకేసారి గుండ్రం మీద ప్రేమ పుట్టిందనుకున్నావా?

నా గోలంతా ఇదేరా. అప్పటి బండి మొహం ఎలా ఉండాలో గీసేవాడి ఇష్టం కంటే ముందు చట్టం చెప్పేది, రేకు దొరకడం చెప్పేది, ప్రెస్సు అచ్చుకి ఎంతవుతుందో చెప్పేది. జీపునే తీసుకో. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో విల్లీస్ కంపెనీ వాళ్ళు ముందు జాలీని ఇనప పట్టీలు అతికించి చేసేవాళ్ళు. ఫోర్డు వాళ్ళకీ అదే జీపు ఆర్డరు వచ్చాక, ఒకే రేకుని ప్రెస్సులో కొట్టి తొమ్మిది చీలికలు పెట్టేశారు. తేలిక, చవక. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ మొహం అలా పుట్టింది. మన ఊళ్ళలో తిరిగిన మహీంద్రా జీపు బానెట్ ఎందుకంత ఎత్తో తెలుసా? అది సీజే-3బీ, 1953 నాటి మోడల్. కొత్త హరికేన్ ఇంజన్లో ఒక వాల్వుని సిలిండర్ హెడ్డులోకి ఎత్తారు. ఇంజన్ ఎత్తు పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు, బానెట్ పైకి లేపారు. చూడ్డానికి బాగుంటుందని ఎవరూ అనలేదు. అమెరికాలో చాలామంది వెక్కిరించారట కూడా. మనం మాత్రం దాన్నే జీపంటే జీపు అనుకుని పెరిగాం.

ఇంగ్లండు వాళ్ళ ల్యాండ్ రోవర్ సంగతీ ఇంతే. 1948లో అక్కడ ఉక్కు రేషను. అందుకని బాడీకి బిర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమం వాడారు. ఖరీదైన అచ్చులు లేకుండా వంచగలిగేలా రేకులన్నీ బల్లపరుపుగా ఉంచారు. మొదట్లో వేసిన ఆ లేత ఆకుపచ్చ రంగు విమానాల కోసం చేసి మిగిలిన పెయింటు. రమణ ఇప్పుడు ఆ దారిలోనే ఒక డబ్బా గీస్తున్నాడు. దానికి 'చిలక' అని పేరు పెట్టాడు, వాడి ఖర్మ.

మళ్ళీ నీ బండి దగ్గరికొస్తా. నువ్వు పోటీ పడాల్సింది ఫోర్డు బ్రాంకోతో. అది సరిగ్గా 1966 మోడలే. దాని ఫొటోలు దగ్గర పెట్టుకుని చూడు. అద్దాలన్నీ చదునే, బంపర్లు తిన్నటి కమ్మీలే. చవగ్గా అమ్మాలని అలా చేశారు. వాళ్ళు డబ్బు పోసింది కంటికి కనపడని చోట. ముందు ఇరుసు కింద కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. నువ్వూ అదే పట్టుకో. పైన పీనాసితనం, కింద దర్జా. బ్రోషర్లో రాసుకోవడానికి అంతకంటే మంచి మాట దొరకదు.

ఇంకోటి. నాలుగు చక్రాలకీ ఎప్పుడూ డ్రైవ్ ఉంటుందని రాశావు. అమ్మకానికి వచ్చిన మామూలు ఆఫ్‌రోడ్ బండ్లలో అది 1970లో రేంజ్ రోవర్‌తో గాని పేరు తెచ్చుకోలేదు. మధ్యలో మూడో డిఫరెన్షియల్ (తిరిగే వేగాల్లో తేడాని సర్దే గేర్లు) లేకుండా తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. రెండు ఇరుసులూ గట్టిగా ముడిపడి ఉంటే ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టుల్లో మెలిక పడుతుంది, లివర్ బిగుసుకుపోతుంది. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ మెలిక వదిలించుకుంటుంది. అందుకే పార్ట్‌టైం పెట్టు, అంటే అవసరమైనప్పుడే ముందు చక్రాలకి డ్రైవ్. ముందు చక్రాలని ఇరుసు షాఫ్టుకి కలపడానికీ విడదీయడానికీ చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు పెట్టు, వార్న్ కంపెనీ వాళ్ళవి అప్పటికే బాగా వాడుకలో ఉన్నాయి. వానలో దిగి, మోకాళ్ళ మీద కూర్చుని హబ్బు తిప్పే డ్రైవర్ని కూడా బ్రోషర్లో ఒక మూల గీశావంటే బాబాయిగారు కరిగిపోతారు.

ఇక నా బండి. నవ్వకు. 1968, ఆంధ్రప్రదేశ్. బెజవాడలో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు పెద్దదై కంపెనీగా మారిందనుకో. కరెంటు బోర్డు పుట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. మాచ్‌ఖండ్ నుంచి కరెంటు వస్తోంది, సీలేరులో పనులు నడుస్తున్నాయి. ఆ అడవుల్లో లైన్లు లాగాలి. స్తంభాలు, తీగ డ్రమ్ములు, స్తంభాల మీద తీగలకి పెట్టే పింగాణీ గిన్నెలు, పదిమంది మనుషులు, వాళ్ళ బియ్యం మూటలు, అన్నీ ఘాట్ రోడ్డు ఎక్కాలి. మామూలు లారీ మొదటి వానకే కూరుకుపోతుంది, జీపులో అంత సామాను పట్టదు. ఈ రెంటికీ మధ్యలో ఒక బండి కావాలి.

ఇంజన్ ఈజీగా తేలిపోయింది. మద్రాసులో సింప్సన్ వాళ్ళు పెర్కిన్స్ పీ6 డీజిల్ చేసేవాళ్ళు, ఆరు సిలిండర్లు, 4.7 లీటర్లు. వరసగా ఆరు కాబట్టి బానెట్ పొడుగు తప్పదు. ముందు ఇరుసు తలకాయ లాంటి డిఫరెన్షియల్‌తో పైకీ కిందకీ ఆడాలి, అది ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంపుకి తగలకూడదు, కాబట్టి ఇంజన్ని పైకి ఎత్తాలి. దాంతో బండి ముక్కు ఎత్తుగా, పొగరుగా వచ్చింది. నేను గీయలేదు, అదే వచ్చింది.

అసలు తలనొప్పి ముందు ఇరుసు దగ్గర. డ్రైవ్ ఉన్న బరువైన ఇరుసు 1968లో మన దేశంలో ఎవరు అమ్ముతారు? జబల్‌పూర్‌లో శక్తిమాన్ లారీలు తయారవుతున్నాయి గానీ అవి సైన్యానికి. జీపు ఇరుసు ఈ బరువు మోయలేదు. అప్పుడు గుర్తొచ్చింది, యుద్ధం అయ్యాక ఇక్కడ వదిలేసి వెళ్ళిన మిలటరీ లారీలు. షెవ్రొలేలు, డాడ్జీలు డిస్పోజల్లో వేలానికి వచ్చాయి కదా. నా కంపెనీ వాటి ఇరుసులు కొని, బేరింగులు మార్చి వాడుకుంటుంది. రూలు ప్రకారం "ఆ ఏడాది ఆ దేశంలో దొరికే సామానే" కాబట్టి ఇది చెల్లుతుంది. ఇరుసులు అయిపోతే బండి ఆగిపోతుంది. అందుకే నా కథలో ఈ ట్రక్కు కొన్నేళ్ళే బతుకుతుంది.

గేర్ల లెక్క చూడు, తప్పుంటే చెప్పు. మొదటి గేరు 6.4, ట్రాన్స్‌ఫర్ కేసులో (రెండు ఇరుసులకీ డ్రైవ్ పంచే గేర్ల పెట్టె) లో రేంజి 2, ఇరుసు 6. అన్నీ గుణిస్తే దాదాపు 77. అంటే ఇంజన్ 77 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. టైర్లు 9.00-16, చుట్టుకొలత 2.8 మీటర్లు వేసుకున్నా. ఇంజన్ 1,500 చుట్ల మీద ఉంటే బండి గంటకి మూడు కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. క్లీనరు పక్కన నడుస్తూ రాళ్ళు చూపించవచ్చు. హై రేంజిలో టాప్ గేరు వేస్తే 60 దగ్గర ఆగిపోతుంది. లైన్‌మెన్లకి అంతకంటే తొందరేముంది?

క్యాబిన్ గీస్తున్నప్పుడు నాకు భలే సరదా వేసింది. అప్పట్లో చాలా లారీలు ముందు భాగం, ఛాసిస్ మాత్రమే వచ్చేవి, క్యాబిన్ ఇక్కడ వడ్రంగులే కట్టేవాళ్ళు. అందుకని నా బండికి చెక్క చట్రం, పైన రేకు. ముందు అద్దం రెండు చదును ముక్కలు, కింద నుంచి బయటికి తెరుచుకుంటాయి, గాలి కోసం. మడ్‌గార్డులు మూడు మడతలు పెట్టిన రేకు, గుండ్రం జోలికి పోలేదు. జాలీ ఇనప పట్టీలే, ఎందుకంటే ఈ షెడ్డులో ప్రెస్సు లేదు. పేరు 'అడవిదున్న' అనుకున్నా. డ్రైవర్లు మొదటి సగం వదిలేసి పిలుస్తారని పోటీలో ఉన్న మన లత ఏడిపిస్తోంది.

బంపర్ వెనక వించ్, అంటే తాడు చుట్టి బరువులు లాగే యంత్రం, ఉంది. గేర్‌బాక్సు నుంచి షాఫ్టుతో నడుస్తుంది, మధ్యలో మెత్తటి ఇనుముతో చేసిన చీల. బరువు మితిమీరితే ముందు ఆ చీల తెగుతుంది, తాడు తెగి మనిషి మీద పడదు. పోలు నిలబెట్టడానికీ అదే వించ్. ఈ సంగతి లతకి చెప్పకు.

ఎందుకంటే భయపడాల్సింది లతకే. జపాన్ తీసుకుంది, 1970. అక్కడి చిన్న బండ్లకి 360 సీసీ, మూడు మీటర్ల పొడవు హద్దు. ఆ ఏడాదే వచ్చిన సుజుకీ ఎల్‌జే10 ఆ మూడు మీటర్లు దాటకూడదని స్టెప్నీని వెనక తగిలించకుండా లోపల సీటు వెనక పెట్టింది, పాపం నాలుగో మనిషికి చోటు పోయింది. లత దాన్ని చూసి స్టెప్నీని ట్రక్కు తొట్టి నేల కింద దాచింది. అంత బుల్లి బండికి తొట్టి ఎలా మిగిల్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బాబాయిగారు మారుతీ జిప్సీ అభిమాని, దాని వంశమే అది. టెన్షన్‌గా ఉంది.

నువ్వు ఒక పని చేసిపెట్టాలి. ముందు చక్రం తిరిగే చోట ఆ గుండ్రటి పిడి, లోపల జాయింటు నాకు సరిగ్గా రావడం లేదు. పక్క నుంచి కోసి చూపించినట్టు నువ్వు గీసి పంపు. బదులుగా నీ బ్రాంకో శత్రువుకి కొలతలన్నీ నేను వేసిస్తా. వీల్‌బేస్ 92 అంగుళాలు అసలుదానిది, నువ్వు 96 పెట్టు, తొట్టి పెరుగుతుంది. టైర్లు మాత్రం ఈ రోజే మార్చు.

ఉంటాను మరి,
నీ మధు

తా.క.: ఓడినవాళ్ళందరూ కలిసి బిర్యానీ పెట్టించాలన్నది రమణ పెట్టిన రూలు. చికెనా మటనా అని రాయలేదు. మటన్ అని ఇప్పుడే రాయించేద్దాం, లత గెలిచాక అడిగితే బాగోదు.