అనుమతి కాదు, కబురు చాలు

ఒరేయ్ రవీ,

"ఇంకో దేశం గొడవలో తలదూర్చే హక్కు ఎవరిచ్చారు?" అని అడిగావు. 2011 లిబియా సంగతైతే నీ కోపం సబబే. పౌరుల్ని కాపాడమన్న భద్రతా మండలి తీర్మానం, అక్కడి పాలకుడు గడాఫీని దించేదాకా పోయింది. ఆ ఓటింగుకి మన దేశం దూరంగానే ఉంది. కానీ జోక్యమంటే బాంబులే కాదురా, సిరియా లారీల సంగతి విను.

1991 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానం ప్రకారం, ఏ దేశానికి సాయం పంపాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి. అంతర్యుద్ధం నాటి సిరియాలో తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఊళ్లకి పిండి, మందులు వెళ్లాలంటే, ఆ ఊళ్లని ముట్టడించిన డమాస్కస్ సర్కారే (అంటే సిరియా ప్రభుత్వమే) సరేననాల్సి వచ్చేది. ఎలా కుదురుతుంది చెప్పు?

2014 జూలై 14న భద్రతా మండలి 2165వ తీర్మానం చేసింది. అనుమతి అక్కర్లేదు, ముందుగా కబురు చేస్తే చాలంది. సిరియా మిత్రదేశం రష్యాతో సహా పదిహేను ఓట్లూ పడ్డాయి. టర్కీ నుంచి రెండు దారులు, ఇరాక్, జోర్డాన్‌ల నుంచి ఒక్కోటి తెరిచారు. సార్వభౌమత్వాన్ని తొక్కేశారని అనడానికీ లేదు. టర్కీ వైపు గోదాముల దగ్గర సరుకుని టర్కీ లారీల్లోంచి సిరియా లారీల్లోకి మార్చేవారు. సమితి పరిశీలకులు లోడింగు అంతా దగ్గరుండి చూసేవారు. తర్వాత కస్టమ్స్ వాళ్లు పెట్టె విప్పినా పరిశీలకులు పక్కనే ఉండాల్సి వచ్చేది. అది సాయం సరుకే, ఆయుధాలు కాదని తేలాకే బండి కదిలేది.

దెబ్బ కొట్టింది గడువు: ఆ తీర్మానాన్ని మండలి ఎప్పటికప్పుడు పొడిగించాల్సి వచ్చేది. 2020 జనవరిలో ఇరాక్, జోర్డాన్ దారులు పోయాయి. ఇరాక్ దారిన వెళ్లే మందులకి ఈశాన్య సిరియా మళ్లీ డమాస్కస్ వైపు చూడాల్సొచ్చింది. జూలైకల్లా మిగిలింది టర్కీ సరిహద్దులోని బాబ్ అల్ హవా దారి ఒక్కటే. 2022లో గడువు ఆరు నెలలకి కుదించారు, అది కూడా జనవరి 10న ముగిసేలా! గుడారాల్లో బతికేవాళ్లకి నడి చలికాలం అది. కొనుగోలు, ఓడ, గోదాము అన్నీ కలిపితే నెలలు పట్టే పనికి ఆరు నెలల గడువేమిటి? నాకిది క్రూరంగానే కనిపిస్తుంది.

2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియాల్లో భూకంపం. రోడ్లు కూడా దెబ్బతినడంతో, సమితి తొలి కాన్వాయ్ దాటింది 9న, ఆరు లారీలు. మరో రెండు దారులకి అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ ఒప్పుకున్నది 13న. శిథిలాల కింద ఉన్నవాళ్లకి ఆ ఏడు రోజులు ఎంతో ఆలోచించు.

జూలైలో గడువు పొడిగింపుని రష్యా వీటో చేసింది. వెంటనే సిరియా తానే అనుమతిస్తానంటూ, ఆ ప్రాంతాన్ని ఏలుతున్నవాళ్లతో సమితి మాట్లాడకూడదని షరతు పెట్టింది. మాట్లాడకుండా సరుకు అక్కడ ఎలా పంచుతార్రా? సెప్టెంబరు 19 దాకా బాబ్ అల్ హవా గుండా సమితి లారీ ఒక్కటీ వెళ్లలేదు.

దీనికి నీ జవాబేంటో రాయి.

నీ
మూర్తి